కరెంటు పోకుండనే సర్వర్ ఆఫ్ అయితున్నది, యూపీఎస్ ఏమో 100% అంటున్నది. ఏం చెక్ చెయ్యాలె?

మిల్లు_లెక్కలు
అక్టోబర్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు, నేను అకౌంట్స్ చూస్త, కంప్యూటర్ తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి సర్వర్, సీసీ కెమెరాలు, ప్రింటర్ల ఇరుక్కున్న పేపర్ అన్నీ నా నెత్తి మీదనే. ఆఫీసుల ఒక టవర్ సర్వర్ ఉంది, విండోస్, దాంట్ల టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) నడుస్తది, కెమెరాల రికార్డింగ్ కూడా దాంట్లనే. దానికి 1500 వీఏ లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ (కరెంటు ఉన్నంత సేపు దాన్నే పంపి, పోతే బ్యాటరీ మీదికి మారేది), లోపల 12 వోల్టులవి 9 ఏహెచ్ (ఆంప్ అవర్) బ్యాటరీలు రెండు. 2021ల కొన్నం, అప్పటి నుంచి మూత కూడా తియ్యలే.

సమస్య ఏందంటే నెల రోజుల నుంచి సర్వర్ దానంతట అదే ఒక్క క్షణం ఆగి మళ్ళీ లేస్తున్నది. కరెంటు పోతే ఆగింది అంటే అర్థం ఉంది, కానీ ఫ్యాన్ తిరుగుతనే ఉంది, లైట్లు వెలుగుతనే ఉన్నయి, సర్వర్ ఒక్కటే పోయింది. పొద్దున మిల్లు మోటార్లు వేసినప్పుడు రెండు మూడు సార్లు అయింది, అదంటే వోల్టేజ్ అనుకున్నం, కానీ మోటార్లు అన్నీ నడుస్తుండంగ, ఏం మార్పు లేకుంట పదకొండున్నర ముందు కూడా పోయింది. యూపీఎస్ డిస్‌ప్లే చూస్తే బ్యాటరీ 100%, లోడ్ 22%, బ్యాకప్ 38 నిమిషాలు. టాలీ డేటా రెండు సార్లు ఖరాబై రీరైట్ చెయ్యాల్సొచ్చింది. వానాకాలం వడ్లు రావడం మొదలైతే రోజుకు వందల బిల్లులు, అప్పుడు గిట్ల అయితే సేటు నన్ను మిల్లుల ఏస్తడు.

సర్వర్ల పవర్ సప్లై ఖరాబైందా, లేక యూపీఎస్సేనా? ఎట్ల తెలుసుకోవాలె?

గోదారిగట్టు
అక్టోబర్ 3, రాత్రి 10:02

క్లౌడ్‌లో పెట్టేసుకోండి బ్రో, ఈ రోజుల్లో సర్వర్ ఆఫీసులో ఎవరు పెట్టుకుంటున్నారు.

మిల్లు_లెక్కలు
అక్టోబర్ 3, రాత్రి 10:10

మా దగ్గర నెట్ వానొస్తే పోతది అన్న.

బల్బుటెస్ట్_బెజవాడ
అక్టోబర్ 3, రాత్రి 11:25

పదహారేళ్లుగా ఈ యూపీఎస్‌లు రిపేరు చేస్తున్నానండి, మీరు రాసిందాంట్లో 2021 అన్న ముక్క దగ్గరే నాకు సగం సమాధానం దొరికింది. ఆ చిన్న సీల్డ్ బ్యాటరీలకి మూడు నుంచి అయిదేళ్లు అని రాస్తారు కానీ అది 25 డిగ్రీల గదిలో లెక్క, ఆ పైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు దాదాపు సగం అయిపోతుంది. మీ నల్గొండ జిల్లా ఎండాకాలం, పైగా మిల్లు, పైగా మూత తియ్యలేదంటున్నారు కాబట్టి లోపల ఊక దుమ్ము ఎంత ఉందో చూడకుండానే చెప్పగలను. నాలుగేళ్లు వచ్చాయంటే మీరు అదృష్టవంతులే.

ఆ 100% సంగతి. చాలా యూపీఎస్‌లు బ్యాటరీ ఎంత నిండిందీ నిజంగా కొలవవు, చార్జర్ మీద ఉన్నప్పుడు వోల్టేజ్ ఎంతుందో చూసి దాన్నే శాతంగా మార్చి చూపిస్తాయి. చార్జర్ ఎప్పుడూ ఒక్కో బ్యాటరీకి 13.5 నుంచి 13.8 వోల్టుల మధ్య ఇస్తూనే ఉంటుంది, కాబట్టి బ్యాటరీ చచ్చిపోయినా కూడా మీటరు పెడితే ఆ 13.6 కనపడుతుంది. అది చార్జర్ వోల్టేజ్, బ్యాటరీది కాదు. కుండలో నీళ్లు ఎన్నున్నాయో కుళాయి కింద పెట్టి చూస్తే ఎప్పుడూ నిండుగానే కనపడుతుంది కదా, కుళాయి కట్టేసి చెంబుతో ముంచితే గానీ తెలీదు.

38 నిమిషాలు కూడా నమ్మొద్దు. 22% లోడంటే మీ 1500 వీఏ మోడల్ 900 వాట్లదైతే సుమారు 200 వాట్లు. బ్యాటరీ కరెంటుని మామూలు కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌లో పోయే నష్టాలు కలుపుకుంటే 24 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 10 ఆంప్స్ లాగుతుంది. 9 ఏహెచ్ అన్నది 20 గంటల పాటు మెల్లగా లాగితే వచ్చే లెక్క, అంటే అర ఆంప్ కన్నా తక్కువ. ఒకేసారి 10 ఆంప్స్ లాగితే దాంట్లో అరవై శాతం వస్తే గొప్ప. అంటే కొత్త బ్యాటరీలకే అరగంట అటూ ఇటూ. నాలుగేళ్ల బ్యాటరీ 38 అంటోందంటే ఆ అంకె ఊరికే చూపించడానికి ఉంది.

టెస్ట్ ఇలా చెయ్యండి, సర్వర్ పెట్టి మాత్రం చెయ్యొద్దు. ముందు టాలీ బ్యాకప్ పెన్ డ్రైవ్‌లోకి తీసుకోండి, సర్వర్ పద్ధతిగా షట్‌డౌన్ చేసి యూపీఎస్ నుంచి ప్లగ్ తీసెయ్యండి. దాని బదులు 100 వాట్ల పాత పసుపు బల్బులు రెండు పెట్టండి. ఎల్ఈడీ బల్బులు పనికిరావు, తొమ్మిది వాట్లతో ఏ బ్యాటరీ అయినా పాసైపోతుంది. ఈ బల్బులు ఎలక్ట్రికల్ షాపులో లేకపోతే కోళ్ల ఫారం వాళ్లని అడగండి, కోడిపిల్లలకి వేడి కోసం ఇంకా వాడుతున్నారు. ఇస్త్రీపెట్టె పెట్టకండి, ఓవర్‌లోడ్ అయి అసలు దేని వల్ల ఆగిందో తెలీదు. బల్బులు వెలిగాక గోడ స్విచ్ ఆపండి, ప్లగ్ పీకొద్దు. మన సాకెట్ స్విచ్ ఫేజు ఒక్కటే కట్ చేస్తుంది, ఎర్త్ అలాగే ఉంటుంది, ప్లగ్ పీకితే ఎర్త్ కూడా పోతుంది. టైము రాసుకోండి.

మీటరు ఉంటే బ్యాటరీల మీద కూడా చదవొచ్చు కానీ యూపీఎస్ ఆన్‌లో ఉన్నప్పుడు ఆ వైర్లు ముట్టుకోకండి. కొన్ని మోడళ్లలో బ్యాటరీ వైర్లకీ మెయిన్స్‌కీ మధ్య అడ్డు ఉండదు, 24 వోల్టులే కదా అని చెయ్యి పెడితే 230 తగులుతుంది. అంతా ఆపి, ప్లగ్ తీసి, క్లిప్పులు తగిలించి, చేతులు తీసేసి అప్పుడు ఆన్ చెయ్యండి. ఉంగరాలూ వాచీ తీసెయ్యండి.

రాత్రిషిఫ్ట్
అక్టోబర్ 4, తెల్లవారుజాము 2:15

డేటా సెంటర్ నైట్ డ్యూటీలో ఉన్నా, నిద్ర రాకుండా ఇది చదివా. బల్బు గారు చెప్పింది కరెక్టే కానీ నాకు ఆ పదకొండున్నర ముందు అన్నది పట్టుకుంది. కరెంటు పోలేదు, వోల్టేజ్ తగ్గలేదు, మరి యూపీఎస్ బ్యాటరీ జోలికి ఎందుకు వెళ్లింది? విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో కెర్నెల్ పవర్, ఈవెంట్ నంబర్ 41 వెతకండి, కరెంటు ఉన్నట్టుండి పోతే అది పడుతుంది. తేదీలూ టైములూ ఇక్కడ పెట్టండి బ్రో.

మిల్లు_లెక్కలు
అక్టోబర్ 4, ఉదయం 10:30

పెడుతున్న. మోటార్ల టైముల అయినయి వేరే, అవి అన్నీ పొద్దున ఎనిమిది లోపు. మిగిలినయి సెప్టెంబర్ 2, సెప్టెంబర్ 16, సెప్టెంబర్ 30. మూడూ 11:20 నుంచి 11:25 లోపల. మంగళారం మంగళారం అవుతున్నది అని మా గుమస్తా అప్పుడే అన్నడు, హనుమాన్ గుడికి పోదాం అన్నడు, నేనే పట్టించుకోలే.

రాత్రిషిఫ్ట్
అక్టోబర్ 4, ఉదయం 10:41

గుమస్తాకి దండం పెట్టండి, ఆయనే కేసు తేల్చేశాడు. సరిగ్గా 14 రోజులకి ఒకసారి. చాలా యూపీఎస్‌లు 14 రోజులకోసారి సెల్ఫ్ టెస్ట్ చేసుకుంటాయి. అంటే కరెంటు ఉన్నా సరే కావాలనే కొన్ని సెకన్లు బ్యాటరీ మీదకి వెళ్లి లోడ్ మోస్తుందో లేదో చూసుకుంటుంది. బ్యాటరీ బాగుంటే మీకు ఒక టక్ సౌండ్ తప్ప ఏం తెలీదు. బ్యాటరీ పోయి ఉంటే లోడ్‌ని వదిలేస్తుంది, సర్వర్ పవర్ సప్లై కరెంటు లేకుండా సుమారు 10 నుంచి 20 మిల్లీ సెకన్లే ఆగగలదు, అందుకే పడిపోయి మళ్ళీ లేస్తోంది. లెక్క యూపీఎస్ ఆన్ చేసిన క్షణం నుంచి మొదలవుతుంది. ఆగస్టు 19 మంగళవారం పదకొండున్నర ముందు ఏం చేశారు?

ఇంకోటి, టెస్ట్ ఫెయిలైతే బ్యాటరీ మార్చమని ఎర్ర లైటు వెలగాలి, బీప్ రావాలి. రాలేదా?

మిల్లు_లెక్కలు
అక్టోబర్ 4, మధ్యాహ్నం 1:05

అన్నా నువ్వు మనిషివి కాదు. ఆగస్టు 19 నాడు ఆఫీసు రూముల బల్లలు మార్చినం, యూపీఎస్ తీసి కిటికీ పక్క మూలకు పెట్టిన, అప్పుడే ఆఫ్ చేసి ఆన్ చేసినం.

లైటు సంగతి అడగకపోతే బాగుండు. బీప్ వస్తుండె, నెత్తి నొస్తున్నదని ముందటి బటన్ ఒత్తి సౌండ్ బంద్ చేసినం. ఎర్ర లైటు ఇప్పుడు చూస్తే వెలుగుతనే ఉంది, దాని మీద ఎవరో లక్ష్మీదేవి స్టిక్కర్ అంటించిన్రు. మొన్న దసరాకు ఆయుధ పూజల దానికి కూడా బొట్టు పెట్టి పువ్వు పెట్టినం. రేపు ఆదివారం మిల్లు బంద్, బల్బు టెస్ట్ చేస్త.

కాపు_రైతు
అక్టోబర్ 4, సాయంత్రం 6:50

ఆ చిన్న బ్యాటరీలు దండగ. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు బయట పెట్టి వైర్లు లాగి కలిపేయండి, గంటల తరబడి వస్తుంది, మా కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో అలాగే నడిపాం.

బల్బుటెస్ట్_బెజవాడ
అక్టోబర్ 4, రాత్రి 8:15

కాపు గారూ, నడిపారేమో గానీ దయచేసి ఈయనకి చెప్పకండి. ఆ చిన్న యూపీఎస్‌లో చార్జర్ ఒక ఆంప్ అటూ ఇటూ ఇస్తుంది, 150 ఏహెచ్ ఖాళీ అయితే మళ్ళీ నిండడానికి వారం పడుతుంది, మీ ఊళ్లో రోజూ కరెంటు పోతే అది ఎప్పటికీ నిండదు. లోపల ట్రాన్స్‌ఫార్మరూ హీట్ సింకూ అరగంట నడవడానికి లెక్కేసి పెడతారు, గంటల తరబడి నడిపితే మాడిపోతాయి, అలా మాడినవి నా బల్ల మీద ఇప్పుడు కూడా రెండున్నాయి. పైగా ట్యూబులర్‌లో ఆసిడ్ నీళ్లు, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడని ఆఫీసు మూలలో పెట్టే వస్తువు కాదది. ఎక్కువ సేపు కావాలంటే బయట బ్యాటరీలు తగిలించుకునేలా చేసిన యూపీఎస్‌లే వేరే ఉన్నాయి.

మిల్లు_లెక్కలు
అక్టోబర్ 5, సాయంత్రం 5:20

టెస్ట్ అయింది. కోళ్ల ఫారం ఐడియా పని చేసింది, మా బావమరిది ఫారంల నుంచి బల్బులు తెచ్చిన. గోడ స్విచ్ ఆన్‌ల ఉన్నప్పుడు రెండు బ్యాటరీలు కలిపి 27.3 వోల్టులు. స్విచ్ ఆపంగనే 21.8, బల్బులు కొంచెం మసకబారినయి, ఆగకుంట బీప్, కొన్ని సెకన్లకే మొత్తం ఆఫ్. 38 నిమిషాలట!

తర్వాత మూత తీసిన. తవుడు దుమ్ము ఎంత ఉన్నదంటే దోసిట్ల ఎత్తొచ్చు, ఒక బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నది, స్లాట్ల నుంచి గుంజుతుంటే వస్తలేదు. రెండిటినీ విడగొట్టి గంట సేపు ఊరికే పెట్టి మీటర్ పెడితే మంచిది 12.7, ఉబ్బింది 12.5. అరె రెండూ బాగనే ఉన్నయి కదా అనుకున్న. అప్పుడు మా ట్రాక్టర్ హెడ్‌లైట్ బల్బు, 55 వాట్లది, ఒక్కో దానికి తగిలించి చూసిన. మొదటిది 12.1 దగ్గర నిలబడింది. ఉబ్బింది పది సెకన్లల 8కి పడిపోయింది, బల్బు అగ్గిపుల్ల లెక్క ఎర్రగ అయింది.

ఇప్పుడు ఒక్క ఉబ్బింది మారుస్తే సరిపోతదా? సేటు అదే అడుగుతున్నడు.

బల్బుటెస్ట్_బెజవాడ
అక్టోబర్ 5, రాత్రి 7:45

హెడ్‌లైట్ బల్బు భలే పెట్టారండి. చూశారా, ఊరికే పెడితే 12.5, పని చెప్తే 8. లోపల ఆరు సెల్స్ ఉంటాయి, ఒకటో రెండో ఎండిపోతే లోడ్ లేనప్పుడు అన్నీ బాగున్నట్టే కనపడతాయి. సగం మంది మీటరు పెట్టి 12.5 చూసి బ్యాటరీ బాగుంది, యూపీఎస్ బోర్డు పోయింది అని తేల్చేసి కొత్త యూపీఎస్ కొనిపిస్తారు.

ఒక్కటి మారిస్తే సరిపోదు. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి ఉన్నాయి కాబట్టి రెండిటి గుండా ఒకే కరెంటు పోతుంది. చార్జర్ మాత్రం మొత్తం 27 వోల్టులే చూస్తుంది, ఎవరికెంత పంచిందో చూసుకోదు. పాతదీ కొత్తదీ కలిపితే ఒకటి ఎక్కువ చార్జ్ అయి ఎండిపోతుంది, ఇంకోటి ఎప్పుడూ ఆకలితో ఉంటుంది, ఏడాది తిరక్కుండా కొత్తది కూడా పాతదైపోతుంది. జోడెద్దుల్లో ఒకటి కుంటిదైతే నాగలి ఎలా సాగుతుందో మీ సేటు గారికి నా కన్నా బాగా తెలుసు. రెండూ ఒకే కంపెనీవి, వీలైతే ఒకే బ్యాచ్‌వి తీసుకోండి. షాపులో ఏడాదిగా పడున్నవి వద్దు, తయారీ తేదీ అడగండి, మీటరు తీసుకెళ్లి ఊరికే 12.6 పైన ఉంటేనే తీసుకోండి. టెర్మినల్ వెడల్పు కూడా చూడండి, 4.75 మిల్లీమీటర్లది ఒకటీ 6.35ది ఒకటీ ఉంటాయి, వెడల్పు క్లిప్పు సన్న దానికి పెడితే వదులుగా ఉండి వేడెక్కుతుంది. ఎరుపూ నలుపూ మొబైల్‌లో ఫొటో తీసుకుని అప్పుడు విప్పండి. చివరి క్లిప్పు పెట్టేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది, భయపడకండి.

పెట్టగానే టెస్ట్ చెయ్యకండి, ఒక రాత్రంతా చార్జ్ అవ్వనివ్వండి. పాతవి తూకానికి పాత ఇనుప సామాన్ల వాడికి వెయ్యొద్దు, లోపలున్నది సీసం, కొత్తవి కొన్న షాపులోనే ఇచ్చెయ్యండి, 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం కూడా పాత బ్యాటరీలు సేకరించే వాళ్లకో రీసైక్లింగ్ చేసే వాళ్లకో ఇవ్వాలి, ఎంతో కొంత తగ్గిస్తారు కూడా.

రిటైర్డ్_ఏఈ
అక్టోబర్ 6, ఉదయం 6:10

బాబూ, బ్యాటరీ సంగతి వాళ్ళు బాగా చెప్పారు. నేను మోటార్ల సంగతి చెప్తాను, ముప్పై ఏళ్లు మిల్లుల లైన్లు చూసిన వాణ్ణి. మోటారు నేరుగా ఆన్ చేస్తే మొదటి కొన్ని క్షణాలు మామూలు కరెంటుకి ఆరేడు రెట్లు లాగుతుంది. ఆ కాసేపు మీ ఆఫీసు వోల్టేజ్ పడిపోతుంది, యూపీఎస్ బ్యాటరీ మీదకి వెళ్తుంది, బ్యాటరీ లేదు కాబట్టి సర్వర్ పోయింది. ఇప్పుడు కొత్త బ్యాటరీలు వేస్తే సర్వర్ పోదు, కానీ రోజూ ఆ దెబ్బ తగులుతూనే ఉంటుంది. స్టార్ డెల్టా స్టార్టర్ (మోటారుని ముందు తక్కువ వోల్టేజ్‌తో తిప్పి తర్వాత పూర్తి వోల్టేజ్‌కి మార్చేది) ఉందా, ఉంటే పని చేస్తోందా లేక ఎవరైనా బైపాస్ చేశారా చూడండి. స్టార్‌లో మొదలైతే లాగే కరెంటు మూడో వంతుకి తగ్గుతుంది. ఆఫీసుని వేరే ఫేజు మీదకి మార్చమని ఎవరైనా అంటే వినకండి, మోటారు మూడు ఫేజుల మీదా లాగుతుంది. మెయిన్ ప్యానెల్ దగ్గర నుంచి ఆఫీసుకి విడిగా ఒక కేబుల్ వేయించండి, ఎందుకంటే చాలా సార్లు వోల్టేజ్ పడేది మిల్లు లోపలి కేబుల్‌లోనే.

యూపీఎస్ సాకెట్లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టండి, రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. పది, ఇరవై చూపిస్తే ఎర్త్ గుంతలో నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో అడగండి. సాకెట్ ఎదురుగా నిలబడితే ఫేజు కుడి వైపు ఉండాలి. అటూ ఇటూ మారి ఉంటే ఇందాక ఆయన చెప్పిన గోడ స్విచ్ టెస్ట్‌లో న్యూట్రల్ కట్ అవుతుంది, ఫేజు లోపలే ఉండిపోతుంది.

మిల్లు_లెక్కలు
అక్టోబర్ 10, రాత్రి 8:30

సార్, స్టార్టర్ గురించి మీరు ఎట్ల కనిపెట్టిన్రో! పాలిషర్ మోటారుకు స్టార్ డెల్టా ఉంది కానీ టైమర్ కాలిపోతే ఎలక్ట్రీషియన్ డైరెక్ట్ కలిపి పోయిండట, ఎప్పుడు కలిపిండో ఎవరికీ గుర్తు లేదు. కొత్త టైమర్ తెప్పిస్తున్నం. న్యూట్రల్ ఎర్త్ మధ్య 11 వోల్టులు చూపించింది, గుంతల నీళ్లు, ఉప్పు పోపిచ్చినంక 3కి వచ్చింది. కేబుల్ సంగతి సేటు వడ్ల సీజన్ అయినంక చూద్దాం అన్నడు.

బ్యాటరీలు నిన్న సాయంత్రం ఆరుంబావుకు పెట్టిన, రెండూ కలిపి మూడు వేల చిల్లర. రాత్రంత చార్జ్ అయినయి, ఇయ్యాల మిల్లు ఆపినంక అవే కోళ్ల బల్బులు పెట్టి స్విచ్ ఆపిన. మొదట 24.6, మెల్లగ దిగుకుంట దిగుకుంట 21 దగ్గర ఆగింది, మొత్తం 27 నిమిషాలు. అట్టపెట్టెల కవర్ కూడా విప్పని యూఎస్‌బీ వైరు ఒకటి దొరికింది, దాన్ని సర్వర్‌కు పెట్టంగనే విండోస్‌ల ల్యాప్‌టాప్ లెక్క బ్యాటరీ గుర్తు వచ్చింది. ఇప్పుడు ఎంత శాతం దగ్గర షట్‌డౌన్ పెట్టాలె?

రాత్రిషిఫ్ట్
అక్టోబర్ 10, రాత్రి 11:50

ఇంత జరిగాక కూడా శాతం అడుగుతున్నావా బ్రో 😄 శాతాన్ని నమ్మే కదా ఇంత దూరం వచ్చాం. టైము లెక్కన పెట్టు. ముందు నీ సర్వర్ పూర్తిగా షట్‌డౌన్ అవ్వడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడు. నాలుగు నిమిషాలనుకో, కరెంటు పోయిన అయిదు నిమిషాలకి షట్‌డౌన్ మొదలుపెట్టమని చెప్పు, తొమ్మిదికి అయిపోతుంది, ఏడాది రెండేళ్ల తర్వాత బ్యాటరీ సగం అయినా సరిపోతుంది. విండోస్‌లో టైము లెక్కన పెట్టే చోటు లేకపోతే యూపీఎస్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. లినక్స్ వాళ్లు ఎవరైనా చదువుతుంటే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ ఉంది, ఉచితం, దాంట్లో రీడింగ్స్ చూసే కమాండ్ పేరు యూపీఎస్‌సీ. ఆఫీసులో రాత్రంతా యూపీఎస్‌సీ మీద కూర్చున్నా అంటే మా ఇంట్లో వాళ్లు సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నా అనుకున్నారు.

ఒక్కటి మర్చిపోకు. బయాస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సర్వర్ సెట్టింగ్స్) కరెంటు తిరిగి వస్తే ఏం చెయ్యాలి అన్న సెట్టింగ్ ఉంటుంది, దాన్ని పవర్ ఆన్ అని పెట్టు. అది పెట్టినా ఒక చిక్కు ఉంది. సర్వర్ షట్‌డౌన్ అవుతుండగా కరెంటు వచ్చేసిందనుకో, యూపీఎస్ ఎప్పుడూ ఆఫ్ అవ్వలేదు కాబట్టి సర్వర్‌కి కరెంటు పోయినట్టే తెలీదు, అది అలా ఆఫ్‌లోనే కూర్చుంటుంది, పొద్దున నువ్వు వచ్చేసరికి రాత్రంతా కెమెరా రికార్డింగ్ ఉండదు. అందుకే షట్‌డౌన్ తర్వాత యూపీఎస్‌ని కూడా ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది టిక్ పెట్టు. అన్నీ పెట్టాక ఒక ఆదివారం సర్వర్‌తోనే మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చెయ్యి. నెట్‌వర్క్ స్విచ్ దేని మీద ఉందో కూడా చూడు, అది గోడ సాకెట్ మీద ఉంటే సర్వర్ బతికినా కెమెరాలు అందవు. ప్రింటర్ మాత్రం యూపీఎస్ మీద పెట్టకు, లేజర్ అయితే అస్సలు.

మిల్లు_లెక్కలు
అక్టోబర్ 14, మధ్యాహ్నం 12:10

అంతా పెట్టిన, ఆదివారం చేసి చూసిన, షట్‌డౌన్‌కు నాలుగున్నర నిమిషాలు పట్టింది, మళ్ళీ దానంతట అదే లేచింది. స్విచ్ నిజంగనే గోడ సాకెట్ మీద ఉండె, మార్చిన. స్టిక్కర్ పీకి సర్వర్ మీద అంటించిన, దేవత కాబట్టి పారెయ్యబుద్ది కాలె.

కానీ ఒక డౌట్. ఇయ్యాల మళ్ళీ 14 రోజులు, మంగళారం. 11:15 నుంచి నేనూ గుమస్తా చాయ్ పట్టుకొని యూపీఎస్ ముందట కూసున్నం, సెల్ఫ్ టెస్ట్ చూద్దామని. 11:45 దాకా టక్ లేదు ఏం లేదు. సెల్ఫ్ టెస్ట్ కూడా ఖరాబైందా ఏంది?

రాత్రిషిఫ్ట్
అక్టోబర్ 14, మధ్యాహ్నం 2:30

బ్యాటరీలు మార్చినప్పుడు యూపీఎస్ ఆఫ్ చేశావుగా బ్రో. లెక్క మళ్ళీ అక్కడి నుంచి.

మిల్లు_లెక్కలు
అక్టోబర్ 14, మధ్యాహ్నం 2:41

అరెరె. బ్యాటరీలు పెట్టింది 9, ఆదివారం టెస్ట్‌ల ఆగి లేచింది 12, పొద్దున పదిన్నరకు. అంటే 26 ఆదివారం. మిల్లు బంద్ ఉంటది, గుమస్తా రాడు, నేనొక్కణ్ణే చాయ్ తాగాలె.

రిటైర్డ్_ఏఈ
అక్టోబర్ 14, సాయంత్రం 4:00

ముందు వైపు టెస్ట్ బటన్ ఉంటుంది బాబూ, ఇప్పుడే నొక్కి చూసుకోవచ్చు.

మిల్లు_లెక్కలు
అక్టోబర్ 14, సాయంత్రం 4:20

బీప్ బంద్ చేసిన బటనే అదట సార్, రెండు సెకన్లు ఎక్కువ ఒత్తాలె. ఒత్తిన. టక్ మన్నది, పది సెకన్లకు మళ్ళీ టక్ మన్నది. సర్వర్ నడుస్తనే ఉంది.